సింప్లెక్స్ చేత్తో వచ్చు, కంప్యూటర్ ముందు కూర్చుంటే చెయ్యి ఆడట్లేదు

తణుకు దగ్గర నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. పెద్ద ఉత్తరం, కుదించి చెబుతున్నాను. వయసు 38. 2009లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తి చేసి, రెండేళ్లు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పారు. తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, దాదాపు పదేళ్లు ఇంట్లోనే. నాలుగేళ్ల కిందట దగ్గర్లోని కోళ్ల దాణా మిల్లులో ఆఫీసు పనికి చేరారు. మిల్లు రోజుకి 40 టన్నుల దాణా తీస్తుంది. ఏ దినుసు ఎంత కలపాలో ఇదివరకు ఒక పెద్దాయన చూసుకునేవారు, ఆయన మానేసి వెళ్తూ ఒక ఎక్సెల్ షీటు వదిలి వెళ్లారు. ఇప్పుడు సోయా రేటు పెరిగినప్పుడల్లా ఓనరు గారు "ఏం మారిస్తే బాగుంటుందో చూడమ్మా" అని ఈవిడకి చెబుతారు. ఈవిడ సోయా చెక్క కాస్త తగ్గించి, తవుడు కాస్త పెంచి, ప్రోటీన్ ఎంత పడిపోయిందో చూసి, మళ్లీ మార్చి, మొత్తం వంద వచ్చేదాకా అలా తిప్పుతూ కూర్చుంటారు. సాయంత్రానికి ఏదో ఒకటి కుదురుతుంది. కానీ అదే అన్నిటికన్నా చౌకైనదా అంటే చెప్పలేరు.

ఆరు నెలల కిందట ఎంబీఏ చదివిన ఒక కుర్రాడు చేరాడు. అతను మీటింగులో పైథాన్‌లో ఒక ప్రోగ్రాం రాసి పది నిమిషాల్లో సమాధానం చూపించాడు. అందరూ అతని వైపు తిరిగి కూర్చున్నారు. "లీనియర్ ప్రోగ్రామింగ్ నేను పిల్లలకి పాఠం చెప్పాను, బిగ్ ఎమ్ మెథడ్ ఇప్పటికీ కాగితం మీద చేయగలను, కానీ ఆ రోజు నోరు తెరవలేకపోయాను" అని రాశారు. (లీనియర్ ప్రోగ్రామింగ్, పొట్టిగా ఎల్‌పీ, అంటే పెట్టిన నిబంధనలు దాటకుండా అతి తక్కువ ఖర్చు వెతికే లెక్క. సింప్లెక్స్, బిగ్ ఎమ్ అది చేసే పద్ధతులు.) అప్పటి నుంచి రాత్రిళ్లు కోర్సులు మొదలుపెడుతున్నారు. పైథాన్ రెండుసార్లు, గణాంకాలకి వాడే ఆర్ అనే భాష ఒకసారి, పవర్ బీఐ, ఎస్‌క్యూఎల్. ఏదీ మూడో వారం దాటలేదు. ఇప్పుడు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నాలుగు నెలల కోర్సు, 85 వేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. ఉద్యోగం మానేసి కూకట్‌పల్లిలో చెల్లెలి ఇంట్లో ఉండి నేర్చుకోవాలని ఉంది. పెద్దమ్మాయి టెన్త్. భర్త "ఇప్పుడెందుకు, పాప పరీక్షలయ్యాక చూద్దాం" అంటున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ ముందు నేర్చుకోవాలి, ఉద్యోగం మానాలా వద్దా, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ సరిపోతుందా అని అడిగారు.

*

మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. మిల్లులో రేపు ఉదయం చేయాల్సిన పని ఒకటి. రాబోయే పదేళ్లలో మీకు ఎలాంటి ఉద్యోగం కావాలన్నది రెండోది. ఆ మీటింగులో తగిలిన దెబ్బ మూడోది. ఈ మూడింటికీ కలిపి ఒకే మందు కావాలని మీరు వెతుకుతున్నారు, ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆ మందు తమ దగ్గరుందని చెబుతున్నారు. నాకు తెలిసి ఒక్కోదానికి ఒక్కో సమాధానం ఉంది, మూడూ వేరు.

ముందు మిల్లు సంగతే మాట్లాడదాం, ఎందుకంటే మీకున్న పెద్ద బలం అక్కడే ఉంది, అది మీకు కనబడటం లేదు. మీరు సాయంత్రాలు కూర్చుని చేస్తున్న పని ఏమిటో తెలుసా? 1945లో జార్జ్ స్టిగ్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త అచ్చం ఇదే పని చేశాడు. 77 రకాల తిండి పదార్థాలు, 9 పోషకాలు, ఒక మనిషికి ఏడాదికి అతి తక్కువ ఖర్చులో సరిపడా తిండి ఎలా అన్నది ఆయన లెక్క. అప్పటికి సింప్లెక్స్ లేదు కాబట్టి తెలివిగా అటూ ఇటూ మార్చి చూసి 39.93 డాలర్లని తేల్చాడు. జార్జ్ డాంట్‌జిగ్ అనే గణితవేత్త 1947లో సింప్లెక్స్ కనిపెట్టాక, మొదట పరీక్షించిన పెద్ద లెక్కల్లో ఇదొకటి. తొమ్మిదిమంది గుమాస్తాలు చేతి కాలిక్యులేటర్లతో కూర్చుని చేస్తే, మొత్తం 120 పనిదినాల శ్రమ పట్టింది. వచ్చిన జవాబు 39.69 డాలర్లు. అంటే స్టిగ్లర్ చేత్తో చేసిన లెక్క 24 సెంట్ల దూరంలో ఆగింది, అంతే.

రెండు మాటలు చెప్పడానికే ఇదంతా. ఒకటి, చేత్తో తిప్పి చూసే లెక్కేమీ చేతకానితనం కాదు, అనుభవం ఉన్న మనిషి చేస్తే చాలా దగ్గరికి వెళ్తుంది. రెండు, ఆ మిగిలిన కాస్త తేడా మీ మిల్లులో కాస్త కాదు. 24 సెంట్లంటే అక్కడ 0.6 శాతం. మీ దాణాకి కిలో 29 రూపాయల చిల్లర పడుతుందనుకుంటే, 0.6 శాతం టన్నుకి 175 రూపాయలు, 40 టన్నులకి రోజుకి 7,000. మీ షీటులో ఇంతే తేడా ఉందని నేననను, ఎక్కువుండొచ్చు, అసలు లేకపోవచ్చు. కానీ ఓనరు గారితో మాట్లాడేటప్పుడు ఈ భాషలో మాట్లాడితే ఆయన తల తిప్పి మీ వైపు చూస్తారు, ప్రోగ్రాం ఏ భాషలో రాశారన్నది ఆయనకి పట్టదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కాగితం తీసుకోండి. మొక్కజొన్నలో ప్రోటీన్ 9 శాతం, సోయా చెక్కలో 45 శాతం అనుకుందాం. రేట్లు కిలో 24, కిలో 45 అనుకుందాం, ఇవాళ్టి మార్కెట్ రేట్లు మీకే తెలుసు. దాణాలో 18 శాతం ప్రోటీన్ కావాలి. రెండే దినుసులు కాబట్టి సమాధానం చేత్తోనే వస్తుంది. మూడు వంతులు మొక్కజొన్న, ఒక వంతు సోయా, కిలో 29 రూపాయల 25 పైసలు. ఇప్పుడు ప్రోటీన్ 17 చాలంటే? సోయా 22 శాతం పైచిలుకుకి దిగుతుంది, ఖర్చు కిలోకి 58 పైసలు తగ్గుతుంది, టన్నుకి 583 రూపాయలు. ఈ 583 మీకు పాత చుట్టమే, ఒక నిబంధనని ఒక మెట్టు సడలిస్తే ఎంత మిగులుతుందో చెప్పే అంకె, క్లాసులో డ్యూయల్ వేరియబుల్ అనీ షాడో ప్రైస్ అనీ చెప్పే ఉంటారు. 21 రూపాయల రేటు తేడాని 36 పాయింట్ల ప్రోటీన్ తేడాతో భాగిస్తే కిలోకి 0.5833 వస్తుంది, టన్నుకి అదే 583. బోర్డు మీద దాని సూత్రం సి బి, బి ఇన్వర్స్ అని రాసినప్పుడు దాని వెనక ఒక లారీ సోయా ఉందని మనకెవరూ చెప్పలేదు. మన ఎమ్మెస్సీ పుస్తకాల మొదటి చాప్టర్‌లో, మన దేశంలో ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే ఇలాంటి లెక్కల శాస్త్రం, 1949లో హైదరాబాద్‌లోని రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీలో మొదలైందని ఒక వాక్యం ఉంటుంది, రెండో చాప్టర్ నుంచి టేబుళ్లు నింపడమే. లెక్కని తయారు చేయడం ఎలాగన్నది దాదాపు ఎవరూ నేర్పరు. ఆ టేబుల్ నింపే పనిని సాఫ్ట్‌వేర్ మన చేతిలోంచి తీసేసుకుంది, మనకి మిగిలిన అసలు పని లెక్కని సరిగ్గా పెట్టడం. మీ చెయ్యి ఆడకపోవడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. మీకు వచ్చిన సగాన్ని ఇప్పుడు మెషీన్ చేస్తోంది, మీకెవరూ నేర్పని సగం మీ చేతికి వచ్చింది.

అందుకే నేను మొదట చెప్పేది ఎక్సెల్‌లోని సాల్వర్, నిబంధనలు చెబితే జవాబు వెతికి పెట్టే పనిముట్టు. కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో యాడ్-ఇన్స్, అక్కడ కింద ఉన్న గో నొక్కి, వచ్చిన పెట్టెలో సాల్వర్ యాడ్-ఇన్‌కి టిక్కు పెడితే డేటా ట్యాబ్ చివర కనబడుతుంది. పైన చెప్పిన రెండు దినుసుల లెక్కే అందులో పెట్టండి. రెండు గడులు మీరు మార్చేవి, ఒక గడిలో ఖర్చు, ఒక గడిలో ప్రోటీన్, ఒక గడిలో మొత్తం. మొత్తం ఒకటి కావాలి, ప్రోటీన్ 0.18కి తగ్గకూడదు, ఖర్చు తగ్గించాలి. ఒక్క జాగ్రత్త, సాల్వింగ్ మెథడ్ దగ్గర మామూలుగా జీఆర్‌జీ నాన్‌లీనియర్ అని ఉంటుంది, దాన్ని సింప్లెక్స్ ఎల్‌పీకి మార్చండి. 75, 25 వచ్చిందా, అయితే సాల్వర్ మీ మాట వింటోంది. సాల్వ్ అయ్యాక వచ్చే పెట్టెలో సెన్సిటివిటీ రిపోర్టు అని ఉంటుంది, అది నొక్కితే కొత్త షీటు వస్తుంది, ప్రోటీన్ వరసలో షాడో ప్రైస్ కింద 58.33 కనబడాలి. 0.5833 రావాల్సింది 58.33 ఎలా అయింది? మీరు ప్రోటీన్‌ని 18 అని కాకుండా 0.18 అని రాశారు కాబట్టి. వంద రెట్ల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీ అంతట మీరు కాగితం మీద తేల్చుకోండి. యూనిట్ల తప్పు దొరికించుకోవడం వస్తే సగం పని వచ్చినట్టే.

ఆ తర్వాత నూనె తీసిన తవుడు కలపండి, దానికి పీచు వల్ల పై పరిమితి పెట్టండి. షెల్ గ్రిట్ (గుల్లల నూక) కలపండి, గుడ్లు పెట్టే కోళ్లకి కాల్షియం మూడున్నర శాతం పైన కావాలి కదా, ఆ నిబంధన పెట్టండి. తర్వాత ఎనర్జీ, లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు, ఫాస్ఫరస్. ఒక్కోసారి ఒక్కటే కలపండి. ఎక్కడో ఒక చోట ఫీజిబుల్ సొల్యూషన్, అంటే నిబంధనలన్నీ తీరే జవాబు, దొరకలేదని ఎర్రగా కాకపోయినా గట్టిగానే చెబుతుంది. అప్పుడు కంగారు పడి అన్నీ చెరిపేయకండి. చివరిగా కలిపిన నిబంధన తీసేసి చూడండి, దారి దొరికితే తప్పు అందులోనే ఉంది, లేదా అది ఇంకో నిబంధనతో తగువు పడుతోంది. మామూలు సాల్వర్ 200 వేరియబుల్స్ (మార్చే గడులు) దాకా తీసుకుంటుంది, మీ మిల్లుకి 20 దాటవు.

ఈ దారిలో లాభం ఏమిటంటే రెండు మూడు వారాల్లో పని చేసే షీటు చేతిలో ఉంటుంది, ఓనరు గారికి అర్థమయ్యే రూపంలో ఉంటుంది, మీరు సెలవు పెట్టినా ఇంకొకరు తెరిచి చూడగలరు. నష్టమూ చెబుతాను. ఎక్సెల్ షీటులో ఎవరో ఒక గడిలో అంకె కొట్టేస్తే ఎవరికీ తెలియదు. గుడ్ల కోళ్లకి, పెరిగే పిల్లలకి, బ్రాయిలర్లకి వేర్వేరు ఫార్ములాలు ఒకేసారి చూడాలంటే, గోడౌన్‌లో ఉన్న సరుకు అన్నిటికీ ఎలా పంచాలో కూడా లెక్కలోకి తేవాలంటే షీటు కీకారణ్యమైపోతుంది. ఇంకోటి, సాల్వర్ ఒక్కటే వస్తే బయట ఉద్యోగం దొరకదు.

అక్కడ మొదలవుతుంది పైథాన్ అవసరం. మీరు ఫర్ లూప్ (ఒకే పనిని లిస్టులో ఒక్కోదానికీ చేయించే కోడ్) దగ్గర ఆగిపోతున్నానన్నారు. ఆగరా మరి, ఎవరి కోసమో తయారు చేసిన కోర్సులో పండ్ల పేర్ల లిస్టు మీద లూప్ తిప్పమంటే మనసు ఎలా లగ్నమవుతుంది? అదే దినుసుల లిస్టు మీద తిప్పి, ఒక్కోదాని ప్రోటీన్‌ని దాని వాటాతో గుణించి కూడమంటే లూప్ ఎందుకుందో ఆ క్షణాన అర్థమవుతుంది. పల్ప్ అని ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఉంది, ఉచితం, దానితో పాటు సీబీసీ అనే సాల్వర్ కూడా వస్తుంది. ఎక్సెల్‌లో మీరు పెట్టిన లెక్కని అందులో ఇరవై ముప్ఫై లైన్లలో రాయొచ్చు. జవాబు సరైనదో కాదో ఎవరినీ అడగక్కర్లేదు, ఎక్సెల్ జవాబు పక్కనే ఉంటుంది కదా. కోర్సులో దొరకనిది ఇదే, మీ తప్పు మీకే తెలిసే వీలు. ఇప్పుడు చాలామంది చాట్‌బాట్‌ని అడిగి కోడ్ రాయించుకుంటున్నారు, మీరూ రాయించుకోండి, తప్పేం లేదు, కానీ ఏ కోడ్ వచ్చినా ముందు ఆ రెండు దినుసుల లెక్క ఇచ్చి చూడండి. 75, 25 రాకపోతే ఎంత అందంగా ఉన్నా దాన్ని నమ్మొద్దు.

మరి ఆర్? మీరు స్టాటిస్టిక్స్ మనిషి కాబట్టి ఈ మాట అడిగే హక్కు మీకుంది. ఆర్‌లో ఎల్‌పీసాల్వ్ లాంటి ప్యాకేజీలున్నాయి, చిన్న లెక్కలు హాయిగా చేస్తాయి. కానీ ఆర్ అసలు అందం డేటాని తరచి చూడటంలో ఉంది, మీ మిల్లులో అలాంటి డేటా ఉందని మీ ఉత్తరంలోనే ఒక చోట, ఏదో మామూలు విషయంలాగా, రాసేశారు. వచ్చిన ప్రతి లారీ శాంపిల్‌కి తేమ, ప్రోటీన్ రిజిస్టర్‌లో రాసి ఉంటాయట, నాలుగేళ్లవి! ఆ వాక్యం నేను మూడుసార్లు చదివాను. అది బంగారం.

ఎందుకంటే ఆ కుర్రాడి ప్రోగ్రాం సోయాలో ప్రోటీన్ 45 అని ఒక్క అంకె తీసుకుంది. నిజం లారీ 45 తేదు. ఒకటి 43 తెస్తుంది, ఒకటి 46.5 తెస్తుంది. సగటు 45 అయితే, ఇంచుమించు సగం లారీల్లో అంతకన్నా తక్కువే ఉంటుంది, అంటే సగటు పెట్టి చేసిన ఫార్ములాలో సగం రోజులు కోళ్లకి చెప్పినదానికన్నా తక్కువ ప్రోటీన్ అందుతుంది. సగటులోంచి స్టాండర్డ్ డీవియేషన్‌లో (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలతలో) కొంత భాగం తీసేసి లెక్కలో పెట్టాలా, ఎంత తీయాలి, దానికి టన్నుకి ఎంత ఖర్చవుతుంది, ఏ సప్లయర్ సరుకులో ఈ ఊగిసలాట ఎక్కువ, వానాకాలం మొక్కజొన్నలో తేమ ఎంత పెరుగుతోంది, ఇవన్నీ ఆ రిజిస్టర్ చెబుతుంది. ఈ ప్రశ్న ఆ మీటింగులో ఎవరూ అడగలేదు. అడగగలిగిన మనిషి ఆ గదిలో మీరొక్కరే. రిజిస్టర్‌ని ఎక్సెల్‌లోకి ఎక్కించడం చాకిరీ పని, ఒక ఏడాది వరకైనా ఎక్కించండి, పివట్ టేబుల్‌తో సప్లయర్ వారీగా సగటు తీయండి. ఆ తర్వాత ఆర్‌లోనో పైథాన్‌లో పాండాస్ అనే లైబ్రరీతోనో బాక్స్‌ప్లాట్, అంటే ఆ చెదురుని చూపించే బొమ్మ, గీయండి. రెండింట్లో ఏదైనా ఒకటే పట్టుకోండి. నన్నడిగితే పైథాన్, సాల్వర్ పనీ డేటా పనీ ఒకే చోట అయిపోతాయి కాబట్టి. ఆర్ మీద మనసుంటే ఆర్ పట్టుకున్నా మీ మిల్లు పనికి లోటేమీ రాదు, బయట ఉద్యోగాల ప్రకటనల్లో మాత్రం పైథాన్, ఎస్‌క్యూఎల్ ఎక్కువ కనిపిస్తాయి.

గురోబీ, సీప్లెక్స్ గురించి కూడా అడిగారు. అవి చాలా శక్తిమంతమైన సాల్వర్లు, విమానయాన సంస్థలు సిబ్బంది డ్యూటీలు వేయడం లాంటి లక్షల వేరియబుల్స్ లెక్కలకి. యూనివర్సిటీలో చదివేవాళ్లకి, పాఠం చెప్పేవాళ్లకి ఉచితం, కంపెనీలకి లైసెన్సు ఖరీదు బాగా ఎక్కువ. మీ 20 వేరియబుల్స్‌కి అక్కర్లేదు. ఎప్పుడైనా ఎక్సెల్ సాల్వర్ హద్దు దాటితే ఓపెన్‌సాల్వర్ అని ఉచితంగా దొరుకుతుంది, పైథాన్ వైపు హైస్ (HiGHS) అనే సాల్వర్ ఉంది, ఎడిన్‌బరా యూనివర్సిటీలో తయారైంది, పైథాన్ లెక్కల లైబ్రరీ సైపైలో ఇప్పుడు అదే వాడుతున్నారు. పేర్లు తెలుసుకుని పక్కన పెట్టుకోండి, అంతకన్నా ఇప్పుడు వాటి జోలికి వెళ్లకండి. పవర్ బీఐ కూడా అంతే.

ఒక్క మాట నా అనుభవం నుంచి. ఒక ఫ్యాక్టరీలో ప్లానింగ్‌లో చేరిన కొత్తలో నేను ఏడాదిలో మూడు సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నాను. లారీలు ఏ డిపోకి ఎన్ని పంపాలో లెక్క వేసి ఇచ్చాను, ఖర్చు బాగా తగ్గింది, కాగితం మీద. డిస్పాచ్ ఆయన చూసి, ఇందులో సగం కుదరదండీ, ఆ డిపోలో మధ్యాహ్నం మూడు దాటితే హమాలీలు ఉండరు, లారీ రాత్రంతా ఆగాల్సిందే అన్నాడు. ఆ నిబంధన ఏ డేటాలోనూ లేదు, ఆయన తలలో ఉంది. ఆ తర్వాత నెల రోజులు నేను గేటు దగ్గర నిలబడి నేర్చుకున్నదే ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. మీరు ఆ గేటు దగ్గర నాలుగేళ్లుగా ఉన్నారు.

ఇక రెండోది, ఉద్యోగం మాని అమీర్‌పేట వెళ్లడం. వెళ్తే ఏమవుతుంది? రోజంతా చదువు మీదే ఉంటారు, తోటివాళ్లుంటారు, క్రమశిక్షణ ఉంటుంది. మీలాగా ఇంటి పనుల మధ్య గంట దొరకడం కష్టమైనవాళ్లకి అది చిన్న విషయం కాదు, కొట్టిపారేయను. కానీ 85 వేలతో పాటు నాలుగు నెలల జీతం పోతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ రిజిస్టర్, ఆ షీటు, ఆ లారీలు చేతిలోంచి పోతాయి. కోర్సు అయ్యాక ఇంటర్వ్యూలో చూపించేది అందరి దగ్గరా ఉండే ప్రాజెక్టే అవుతుంది. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారు కదా, దేనికి గ్యారంటీ, ఎంత జీతానికి, దొరక్కపోతే ఫీజు తిరిగి ఇస్తారా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. కిందటి బ్యాచ్‌లో మీ వయసువాళ్లు, మధ్యలో గ్యాప్ వచ్చినవాళ్లు ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడించమనండి. వాళ్లు మాట్లాడించలేకపోతే ఆ గ్యారంటీని లెక్కలోంచి తీసేసి మిగిలిన కోర్సు 85 వేలు చేస్తుందా అని చూడండి.

వెళ్లకపోతే? రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర మీకు దొరుకుతుందన్నారు. వారానికి అయిదు గంటలనుకుందాం. మొదటి నెల సాల్వర్, రెండో నెల రిజిస్టర్ ఎక్కించడం, ఆ తర్వాత మూడు నెలలు పైథాన్. పాఠాలు కావాలంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు దొరికే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ జి. శ్రీనివాసన్ గారి ఆపరేషన్స్ రీసెర్చ్ పాఠాలున్నాయి, చూడటం ఉచితం, ఆయన బోర్డు మీద చెప్పే తీరు మీకు మీ క్లాసు రోజుల్ని గుర్తు చేస్తుంది. ఈ దారిలో నెమ్మది ఎక్కువ, మధ్యలో పాప పరీక్షలకి నెలన్నర ఆగిపోతుంది, అది ముందే లెక్కలో వేసుకోండి, అప్పుడు ఆగినందుకు మళ్లీ బాధపడరు. ఏడాదికి చేతిలో నిజంగా వాడుతున్న ఒక మోడల్, దాని వెనక నిజమైన డేటా, ఎంత మిగిలిందో చెప్పే ఒక అంకె ఉంటాయి. అప్పుడు హైదరాబాద్ వెళ్లాలనిపిస్తే వెళ్లండి, అప్పటికి మీకు ఏ కోర్సు కావాలో కూడా తెలుస్తుంది. మూడో దారీ ఉంది, మీరు రాయలేదు. మళ్లీ కాలేజీలో పాఠం చెప్పడం. మీరు పాఠాల గురించి రాసిన పేరాలో అక్షరాలే వేరేగా ఉన్నాయి. సాల్వర్‌తో దాణా లెక్క చూపిస్తూ ఎల్‌పీ చెప్పే లెక్చరర్ మీ చుట్టుపక్కల ఎంతమంది ఉంటారు? జీతం మిల్లు కన్నా తక్కువ రావొచ్చు, అది మీరే తూచుకోవాలి.

మీ వారి మాట గురించి. పరీక్షలయ్యాక చూద్దాం అన్నది వద్దనడమో, వాయిదానో మీ ఉత్తరం బట్టి నేను చెప్పలేను. ఒకసారి సూటిగా అడగండి, ఏప్రిల్ తర్వాత రోజుకి రెండు గంటలు నాకు ఇవ్వగలరా, వంట, చిన్నాడి హోంవర్కు ఆ టైమ్‌లో మీరు చూస్తారా అని. సమాధానంలోనే తెలిసిపోతుంది.

మూడోది, ఆ మీటింగు. అతను మిమ్మల్ని మేడమ్ అని పిలుస్తాడని, ఒకసారి "దీన్ని మీరు చెక్ చేస్తారా" అని అడిగాడని, మీరు పని ఉందని తప్పించుకున్నారని రాశారు. ఆ మాట మీరు రాశారంటే అది మిమ్మల్ని గుచ్చుతోందనే కదా. వెళ్లి చెక్ చేయండి. మీ సాల్వర్ షీటు పూర్తయ్యాక, అతని జవాబు, మీ జవాబు పక్కపక్కన పెట్టండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో ఇద్దరూ కూర్చుని తేల్చండి, అతను ఏ నిబంధన మర్చిపోయాడో మీకు కనబడుతుంది, అతని కోడ్ ఎలా నడుస్తుందో మీకు అర్థమవుతుంది. దీనివల్ల పేరంతా అతనికే పోతుందేమోనన్న భయం సహజం. లారీల రిజిస్టర్ విశ్లేషణ మీ పేరు మీద, తేదీ వేసి, విడిగా ఓనరు గారికి ఇవ్వండి. కలిసి చేసిన దాని మీద ఇద్దరి పేర్లూ రాయండి, మీరే ముందు రాయండి.

రెండు హెచ్చరికలు, ఇవి నిజంగా ముఖ్యం. మిల్లు ఫార్ములా, సప్లయర్ల రేట్లు వ్యాపార రహస్యం. ఓనరు గారిని అడక్కుండా వాటిని ఆన్‌లైన్‌లో ఎక్కడా ఎక్కించకండి, చాట్‌బాట్‌కి కూడా ఇవ్వకండి. ఇంట్లో సాధనకి దొంగ అంకెలు చాలు. రెండోది, సాల్వర్ ఇచ్చిన ఫార్ములా చౌకగా ఉందని నేరుగా మిక్సర్‌లో వేయించకండి. కోడికి ఏం పడుతుందో సాల్వర్‌కి తెలియదు, మీరు చెప్పిన నిబంధనలే తెలుసు. బూజు పట్టిన మొక్కజొన్న దానికి చౌక మొక్కజొన్నే. మీ మిల్లుకి సలహా ఇచ్చే న్యూట్రిషనిస్టుకో పశువైద్యుడికో చూపించండి, ఒకటి రెండు నెలలు పాత పద్ధతీ కొత్త లెక్కా రెండూ కాగితం మీద పక్కపక్కన నడపండి. గుడ్లు తగ్గాక ఏ శాతం లెక్కా రైతుకి ఊరట ఇవ్వదు.

ల్యాప్‌టాప్ అడిగారు కదా. మీ లెక్కకి 4 జీబీ చాలు, సాల్వర్ కన్ను మూసి తెరిచేలోపు జవాబిస్తుంది. పైథాన్ ఇన్‌స్టాల్ చేయడం చిరాగ్గా ఉంటే గూగుల్ కోల్యాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, దొంగ అంకెలతో అక్కడ సాధన చేసుకోండి. మెషీన్ మరీ నత్తనడక నడుస్తుంటే పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయించండి, కొత్తది కొనే ఖర్చులో చిన్న వంతుకే పని అవుతుంది. ఈ ఆదివారం మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక రెండు దినుసుల లెక్క పెట్టి చూడండి, 75, 25 రాకపోతే మీ షీటులో ఏ గడిలో ఏం రాశారో నాకు రాసి పంపండి, చూసి చెబుతాను.